మూడో కప్పు తాగకుండానే లేచొచ్చాం

(గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ సంఘం స్త్రీల సమాజం కూడికలో మాట్లాడింది, రికార్డింగ్ విని రాసుకున్నది)

అయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల సమాజం పెద్దలకి, అక్కలకి, చెల్లెళ్ళకి అందరికీ ప్రభువు పేరట వందనాలు. వెనకాల వినపడుతుందా అండీ? ఆ ఫ్యాను కొంచెం తగ్గిస్తారా, మైకులో గాలి కొడుతుంది. ఆ, సరే.

నేను వాక్యం చెప్పేదాన్ని కాదు, నర్సుని. ఈ గుళ్ళోనే నా బాప్తిస్మం, ఈ గుళ్ళోనే నా పెళ్ళి, తర్వాత వర్జీనియా వెళ్ళిపోయి ఇన్నేళ్ళుగా అక్కడే హాస్పిటల్ డ్యూటీ. అమ్మగారు ఫోన్ చేసి మీ పాప గురించి సాక్ష్యం చెప్పమ్మా అన్నారు. పాప సాక్ష్యం పాపే చెప్పుకోవాలండి, తనకిప్పుడు పదహారేళ్ళు, అది తన సొత్తు, అందుకని తన సొంత విషయాలు కొన్ని నేను చెప్పను, పేరు కూడా చెప్పొద్దంది. నేను చెప్పేది మేమిద్దరం ఇథియోపియా వెళ్ళినప్పుడు అక్కడి గుళ్ళల్లో ఏం చూశాం, అక్కడి విశ్వాసులు మమ్మల్ని ఎలా చూసుకున్నారు, ముఖ్యంగా ఒక ముసలమ్మ మాకు చేసిన ప్రార్థన, అంతే.

అందరూ ముందు అడిగేది ఒకటే, ఇంతమంది పిల్లలుండగా ఆఫ్రికా నుంచి ఎందుకమ్మా అని. మాకు పిల్లలు లేరు, అది మీకందరికీ తెలుసు, ఈ గుళ్ళో మాకోసం చేసిన ప్రార్థనలు నాకు గుర్తే. నైట్ డ్యూటీలో నాతోపాటు ఒక ఇథియోపియా అక్క పనిచేసేది. వాషింగ్టన్ చుట్టుపక్కల ఇథియోపియా వాళ్ళు చాలామంది ఉంటారు, అమెరికాలో వాళ్ళు ఎక్కువగా ఉండేది అక్కడే. ఆ అక్క డబ్బా తెరిస్తే మన అట్టులాంటిది పెద్దది మడతపెట్టి ఉండేది, ఇంజెరా అంటారు, టెఫ్ అని చిన్న గింజల పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి పోస్తారు, దానిమీద ఎర్రటి కూర. మొదటిసారి తిన్నప్పుడే ఇది పరాయి తిండి కాదనిపించింది నాకు. ఆవిడ ద్వారానే అక్కడి పిల్లల సంగతి తెలిసింది. అప్పటికే మాకు సిటిజన్‌షిప్ వచ్చింది. హోమ్ స్టడీ అని సోషల్ వర్కర్ ఇంటికొచ్చి అల్మారాల దగ్గర్నుంచి మా ఇద్దరి మనసుల దాకా అన్నీ చూసి రాసుకెళ్ళింది, ఫైలు పెట్టాం, ఎదురుచూశాం, 2012 చివర్లో ఫోటో వచ్చింది. నాలుగేళ్ళ పాప, వోలాయిత ప్రాంతం, దక్షిణాన సోడో అనే ఊరి దగ్గర.

అప్పటి పద్ధతి ప్రకారం రెండుసార్లు వెళ్ళాలి. మొదటిసారి కోర్టుకి, బిడ్డను చూసి, జడ్జి ముందు ఒప్పుకుని, వదిలిపెట్టి తిరిగి రావాలి. రెండోసారి అమెరికా ఎంబసీలో వీసాకి, అప్పుడు తీసుకురావాలి. మేం 2013 జనవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి వెళ్ళాం.

నిజం చెప్తున్నా, బయల్దేరేటప్పుడు నా మనసులో ఉన్నది ఏంటంటే దిక్కులేని బిడ్డని తెచ్చి దేవుని బిడ్డగా పెంచుతున్నాం అని. పాటలు నేర్పాలి, ప్రార్థన నేర్పాలి, బొమ్మల బైబిల్ కూడా కొని పెట్టెలో పెట్టుకున్నా. ఎయిర్‌పోర్టుకి వచ్చి మాకోసం ప్రార్థన చేసిన మన తెలుగు ఫెలోషిప్ వాళ్ళు కూడా అలాగే చేశారు, చీకట్లో ఉన్న బిడ్డకి వెలుగు చూపించడానికి వెళ్తున్న నీ దాసులు అని. ఆ మాట నాకు అప్పుడు తప్పనిపించలేదు.

ఆడిస్ అబాబా చాలా ఎత్తులో ఉంటుందండి, సముద్రమట్టం మీద 2,300 మీటర్ల పైన, మన ఊటీ కన్నా కొంచెం ఎక్కువే, రెండు మెట్లెక్కితే ఆయాసం. శనివారం దిగాం. గెస్ట్‌హౌస్‌లో అడిగితే ఆ దగ్గర్లో మెకానె యేసుస్ అనే లూథరన్ గుడి ఉంది, ఆరాధన మూడు గంటలకి అన్నారు. మేం చక్కగా నిద్రపోయి మధ్యాహ్నం భోంచేసి రెండున్నరకి వెళ్తే గేటు వేసుంది, వాచ్‌మన్ చేతులు తిప్పి అయిపోయింది అంటున్నాడు. తర్వాత తెలిసింది, వాళ్ళ గడియారం పొద్దు పొడిచినప్పట్నుంచి లెక్క, మన ఏడు గంటలు వాళ్ళకి ఒంటిగంట, మూడు అంటే పొద్దున తొమ్మిది. నాకు అప్పుడు పెంతెకొస్తు రోజున పేతురు వీళ్ళు తాగినవాళ్ళు కారు అని చెప్పే చోటు గుర్తొచ్చింది, మన తెలుగు బైబిల్లో అక్కడ జామెడు పొద్దు అనే మాట ఉంటుంది చూడండి, జాము అంటే మూడు గంటలు కదా, అదే లెక్క. మా తాతయ్య కూడా జాము పొద్దెక్కింది అనేవాడు. మన ఇళ్ళల్లో పోయిన లెక్క అక్కడ బస్టాండులో, గుళ్ళో, ఆఫీసులో ఇంకా నడుస్తుంది. క్యాలెండర్ కూడా వేరే, పదమూడు నెలలు, మేం వెళ్ళిన 2013 వాళ్ళకి 2005. మూసిన గేటు దగ్గర నిలబడి ఆ ఆదివారం ఆరాధన లేకుండా పోయిందని చాలా బాధపడ్డా.

సోమవారం పిల్లల్ని ఉంచే కేర్ సెంటర్‌కి వెళ్ళి పాపని చూశాం. ఆ గది, ఆ నిమిషం నేను చెప్పను. ఆ తర్వాతది చెప్తా. మధ్యాహ్నం పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ప్లేట్లు పెట్టారు. పాప తినలేదు. చేత్తో కళ్ళు మూసుకుని ఏదో చెప్తుంది, చిన్న ప్రార్థన కాదు, చాలాసేపు చెప్తూనే ఉంది, చుట్టూ పిల్లలు ఊఁ ఊఁ అంటున్నారు, చివర అందరూ కలిసి ఆమెన్ అన్నారు. నేను మా ఆయన వైపు చూశా, ఆయన తల దించుకున్నాడు. పెట్టెలో ఉన్న బొమ్మల బైబిల్ గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. అక్కడ పనిచేసే ఆయాని అడిగితే చెప్పింది, వచ్చిన రోజు నుంచి ఇంతే, వాళ్ళ అమ్మమ్మ నేర్పింది, అమ్మమ్మ కలే హేవెత్ సంఘం అని.

కలే హేవెత్ అంటే జీవవాక్యం. దీని గురించి ఒక్క రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మనం ఆఫ్రికా అంటే మిషనరీలు వెళ్ళి చెప్పాల్సిన చోటు అనుకుంటాం. వోలాయితలో మిషనరీలు పని మొదలుపెట్టిన కొన్నేళ్ళకే ఇటలీ దండెత్తింది, 1937లో మిషనరీలంతా వెళ్ళిపోవాల్సి వచ్చింది, అప్పటికి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు యాభైమంది కూడా లేరు. కొట్టారు, జైల్లో పెట్టారు. యుద్ధం అయ్యాక మిషనరీలు తిరిగొచ్చి చూస్తే వేలల్లో ఉన్నారు విశ్వాసులు. ఎవరు చెప్పారు వాళ్ళకి? ఆ ఊరివాళ్ళే. వోలాయిత అమ్మమ్మ మనవరాలికి ప్రార్థన నేర్పిందంటే వెనక ఆ కథంతా ఉందన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే ఆ దేశపు పాత సంఘం, ఆర్థడాక్స్ సంఘం. నాలుగో శతాబ్దంలోనే అక్కడి పాత రాజ్యం ఆక్సుమ్‌కి రాజైన ఎజానా క్రైస్తవుడయ్యాడు. మన గుంటూరుకి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు వచ్చింది 1842లో, లెక్కేసుకోండి ఎన్ని వందల ఏళ్ళ తేడానో. అపొస్తలుల కార్యాల్లో ఫిలిప్పు దగ్గర బాప్తిస్మం తీసుకున్న ఐతియొపీయుడు ఉన్నాడు కదా, రథంలో యెషయా చదువుకుంటూ వెళ్ళేవాడు, పండితులు ఆయన రాజ్యం ఇప్పటి సూడాన్ వైపు అంటారు గానీ అక్కడ ఎవర్ని అడిగినా ఆయన మావాడే అంటారు.

ఆ శనివారం, జనవరి 19న, ఆర్థడాక్స్ వాళ్ళ తిమ్‌కత్ పండగ. యేసుప్రభువు బాప్తిస్మం పండగ. ఆడిస్‌లో జాన్ మెదా అని పెద్ద మైదానం, ముందురోజు సాయంత్రమే ఒక్కో గుడి నుంచి తాబోత్ తీసుకొస్తారు, నిబంధన పలకల గుర్తు అది, పట్టుగుడ్డలు కప్పి గురువులు నెత్తిమీద పెట్టుకుని నడుస్తారు, పైన జరీ గొడుగులు, డప్పులు, జనమంతా తెల్ల బట్టల్లో, ఆడవాళ్ళు తెల్లటి సన్న ముసుగు నెతెలా అని తలమీంచి కప్పుకుని. రాత్రంతా అక్కడే పాటలు, తెల్లారి నీళ్ళు ప్రార్థన చేసి జనం మీద చల్లుతారు. నేను లూథరన్‌గా పెరిగినదాన్ని, నాకు ముందు మనసు ఒప్పుకోలేదు, ఇది మన ఊళ్ళో ఊరేగింపులా ఉందే అనిపించింది, దూరంగా నిలబడ్డా. నా పక్కన ఒక పెద్దావిడ చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడి ఏడుస్తుంది, పెదాలు కదులుతున్నాయి. నీళ్ళు చల్లినప్పుడు నా వైపు తిరిగి తన చేతికి పడ్డ తడిని నా నుదుటికి రాసింది, నేను ఎవరో ఏంటో ఏమీ అడగలేదు. అప్పుడు తప్పు ఒప్పు లెక్క నాకు గుర్తురాలేదండి. ఇంటికొచ్చాక ఆలోచించా, మేం చిన్నప్పుడు ఈ గుళ్ళో కూడా చెప్పులు బయట విడిచేవాళ్ళం, ఆడవాళ్ళు ఒకవైపు మగవాళ్ళు ఒకవైపు చాపలమీద కూర్చునేవాళ్ళం, ముసుగు లేకుండా ప్రార్థనకి లేచేవాళ్ళం కాదు. వాళ్ళ గుళ్ళల్లో అదంతా ఉంది.

మర్నాడు ఆదివారం ఈసారి తొమ్మిదికి ముందే మెకానె యేసుస్ గుడికి వెళ్ళాం. ఇది లూథరన్ సంఘం, మన ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి, ఏఈఎల్‌సీ లాంటిదే, యేసు నివాసస్థలం అని ఆ పేరుకి అర్థం, 1959లో సొంత సంఘంగా ఏర్పడింది, ఇవాళ లోకంలో ఉన్న పెద్ద లూథరన్ సంఘాల్లో అది ఒకటి. మన ఏఈఎల్‌సీ 1927 కదా. గేటు దగ్గర ఒక పెద్దాయన ఎక్కడ్నుంచి అన్నాడు, అమెరికా అన్నాం, మొహాలు చూసి కాదు కాదు ఎక్కడ్నుంచి అన్నాడు, ఇండియా అన్నాం, మళ్ళీ సంఘం ఏది అని అడిగితే గుంటూరు లూథరన్ అన్నాం. ఆయన మా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. చిన్నప్పుడు ఆయనకి లెక్కలు చెప్పింది ఇండియా మాస్టారంట. హైలె సెలాసీ చక్రవర్తి కాలంలో మనవాళ్ళు చాలామంది అక్కడి స్కూళ్ళకి టీచర్లుగా వెళ్ళారు, ఆ తరం వాళ్ళలో ఎవర్ని కదిపినా ఒక ఇండియా మాస్టారు ఉంటాడు. ఆయన మమ్మల్ని ముందు బల్లలో తనపక్కన కూర్చోబెట్టుకుని ఆరాధన అంతా చెవిలో ఇంగ్లీషులో చెప్తూనే ఉన్నాడు.

ఆ ఆరాధన గురించి ఎంత చెప్పినా తక్కువే. అక్కడి భాష అంహారిక్ ఒక్క ముక్క రాదు నాకు. కానీ క్రమం తెలుసు. ఇప్పుడు పాపాల ఒప్పుకోలు, ఇప్పుడు విశ్వాస ప్రమాణం, ఇది ప్రభువు ప్రార్థన, ఇవి సంస్కారం మాటలు, అన్నీ ఎక్కడికక్కడ తెలిసిపోతున్నాయి, మన అయ్యగారు గొంతు ఎక్కడ తగ్గిస్తారో అక్కడ ఆయన కూడా తగ్గించాడు. నేను తెలుగులో చెప్పుకుంటూ పోయా, మా ఇద్దరి మాటలు ఒకేచోట ఆగాయి. పాటలు మాత్రం మనలా కాదు, అయిదు స్వరాల రాగం, మన మోహన రాగం దగ్గరదగ్గరగా ఉంటుంది, కొయిర్ వాళ్ళు భుజాలు కదుపుతూ పాడతారు, పాట పైకి వెళ్ళేకొద్దీ ఆడవాళ్ళు నాలుక తిప్పుతూ ఒక కూత పెడతారు, ఎలెల్తా అంటారు దాన్ని, ఒకావిడ మొదలుపెడితే గుడంతా అందుకుంటుంది, ఒళ్ళు జలదరిస్తుంది. తర్వాత అందరూ ఒకేసారి ఎవరి ప్రార్థన వాళ్ళు గట్టిగా చేస్తారు, అక్కడ మా తెలుగు కూడా కలిసిపోయింది, ఎవరికీ తేడా తెలియలేదు. కొత్తవాళ్ళు లేవండి అంటే లేచాం, పెద్దాయన చెప్పాడు వీళ్ళు ఇండియా లూథరన్లు, మన బిడ్డ కోసం వచ్చారు అని. మన బిడ్డ అన్నాడు. గుడంతా ఎలెల్తా పెట్టింది.

ఆరాధన అయ్యాక బయట ఆయన గుదినా తుమ్సా గారి గురించి చెప్పాడు. ఆ సంఘానికి జనరల్ సెక్రటరీ. 1974లో చక్రవర్తిని దించేసి దెర్గ్ అనే సైనిక ప్రభుత్వం వచ్చింది, గుళ్ళు మూయించారు, పెద్దల్ని జైల్లో వేశారు. గుదినా గారికి దేశం వదిలి వెళ్ళిపోయే వీలు దొరికినా వెళ్ళలేదు, 1979 జులైలో వాక్యం చెప్పి వస్తుంటే పట్టుకుపోయి చంపేశారు, చంపిన సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు, ప్రభుత్వం పడిపోయాక 1992లో గానీ శరీరం దొరకలేదు. ఆయన భార్య త్సెహాయ్ తొలెసా గారిని పదేళ్ళు జైల్లో పెట్టారు. ఆ ఏళ్ళల్లో మీరెక్కడ ఆరాధన చేసేవాళ్ళు అని అడిగా పెద్దాయన్ని. ఇళ్ళల్లో, అయిదారుగురం, పాట గొంతులోనే, పైకి రాకుండా అన్నాడు. లోపల అంత గట్టిగా ఎందుకు పాడారో అప్పుడు తెలిసింది.

సాయంత్రాలు గెస్ట్‌హౌస్‌లో వేరే కుటుంబాలుండేవి, వేరేవేరే రాష్ట్రాల అమెరికన్లు, వాళ్ళు కూడా పిల్లల కోసం వచ్చినవాళ్ళే. రాత్రి భోజనాలయ్యాక గిటార్ తీసి పాడేవాళ్ళం, ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేసేవాళ్ళం, మంచి మనుషులు, కొందరితో ఇప్పటికీ మాట్లాడుతుంటాం. కానీ ఆ ప్రార్థనల్లో దేవా నువ్వు రక్షించిన ఈ అనాథల కోసం అని వచ్చేది గానీ ఆ పిల్లల్ని కన్నవాళ్ళు, పెంచినవాళ్ళు ఒక్కసారి కూడా వచ్చేవాళ్ళు కాదు. నా ప్రార్థనలో కూడా రాలేదు, మంగళవారం దాకా.

మంగళవారం కోర్టు. గదినిండా జనం. జడ్జిగారు చిన్న వయసు ఆవిడ, అడిగినవి నాలుగైదు ప్రశ్నలు, బిడ్డను చూశారా, ఇది తిరిగి రద్దు చేసుకునేది కాదని తెలుసా, బిడ్డ పుట్టిన దేశం గురించి, సంస్కృతి గురించి చెప్తూ పెంచుతారా. చెప్తాం అన్నాం. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత కేర్ సెంటర్లో అమ్మమ్మని కలిపారు. పాప తల్లిదండ్రులు ఇద్దరూ లేరు, అమ్మమ్మే పెంచింది, ఇంకా చిన్నపిల్లలు ఇంట్లో ఉన్నారు, ఆవిడకి ఆరోగ్యం బాలేదు, సోడో నుంచి బస్సులో పగలంతా ప్రయాణం చేసి వచ్చింది. సన్నగా పొడుగ్గా, తలకి గుడ్డ, చేతులు మన పొలం పనిచేసే అమ్మల చేతుల్లాగే కాయలు కాసి.

ఆవిడ వోలాయిత భాషలో చెప్తే ఒకాయన అంహారిక్‌లో చెప్పి, ఇంకొకాయన ఇంగ్లీషులో చెప్పి, నేను ఏడుపులో తెలుగులో మా ఆయనతో అని, అలా నాలుగు భాషలు. మేం ఆల్బమ్ తీసుకెళ్ళాం, ఏజెన్సీ వాళ్ళు తయారుచేసుకోమన్నారు, ఇల్లు, కారు, పాప కోసం సర్దిన గది, మంచం, స్కూలు. ఆవిడ ఒక్కో పేజీ తిప్పింది, ఏమీ అనలేదు. ఒకచోట ఆగింది, అది మన తెలుగు ఫెలోషిప్ క్రిస్మస్ ఫోటో, అందరం పట్టుచీరల్లో. వేలు పెట్టి అడిగింది, ఇది గుడా? అవునమ్మా అన్నాను. మీ ఇంట్లో రాత్రి ప్రార్థన చేస్తారా? చేస్తాం. ఇంకొక్కటే అడిగింది. పాపకి నా పేరు చెప్తారా?

ఇథియోపియాలో ఇంటిపేరు ఉండదండి. బిడ్డ పేరు తర్వాత తండ్రి పేరు, అంతే. దత్తత అయ్యాక కాగితాల్లో పాప పేరు పక్కన మా ఆయన పేరు వస్తుంది, వాళ్ళవైపు గుర్తు ఏదీ మిగలదు. ఆవిడకి అది తెలుసు. అందుకే అడిగింది.

తర్వాత లేచి నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నాకు అందులో యేసు అనే పేరు ఒక్కటే అర్థమైంది, మళ్ళీ మళ్ళీ వస్తుంది. చెప్పేవాళ్ళు కూడా తర్జుమా ఆపేశారు, వాళ్ళూ కళ్ళు మూసుకున్నారు. నేను మోకాళ్ళ మీద ఉన్నా. నన్ను పంపినవాళ్ళు చీకట్లో ఉన్న బిడ్డ కోసం అని ప్రార్థన చేశారు కదా, ఇక్కడేమో ఆ బిడ్డ అమ్మమ్మ తన ఒళ్ళో ఉన్నదాన్ని నాకిస్తూ నన్ను ఆశీర్వదిస్తుంది. బైబిల్లో హన్నా తన కొడుకు సమూయేలుని గుళ్ళో వదిలి వెళ్ళిన సంగతి చిన్నప్పట్నుంచి వింటున్నా, హన్నా చేతులెలా వణికి ఉంటాయో నేను ఆ రోజు నా తలమీద తెలుసుకున్నా.

అక్కడ ఆయాలు కాఫీ పెట్టారు. వాళ్ళకి కాఫీ అంటే ఒక కప్పు తాగి లేచేది కాదు. నేలమీద పచ్చగడ్డి పరిచి, గింజలు మన ముందే పెనం మీద వేయించి ఆ పొగ మన మొహాల దగ్గరికి తెస్తారు, దంచి, జెబెనా అని నల్లటి మట్టి కూజాలో కాచి, చిన్న చిన్న కప్పుల్లో పోస్తారు. ఒక కప్పు తాగాం. అదే పొడిలో మళ్ళీ నీళ్ళు పోసి కాచి రెండోది ఇచ్చారు, తాగాం. మూడోది పొయ్యిమీద ఉంది. మమ్మల్ని తీసుకొచ్చిన ఆయన వ్యాన్ వచ్చింది, టైమైంది, ఇంకో కుటుంబం ఎదురుచూస్తుంది అన్నాడు. అమ్మమ్మ చెయ్యెత్తి ఏదో అంది, పొయ్యి వైపు చూపించింది. ఆయన లేదు లేదు లేట్ అవుతుంది అన్నాడు. మేం లేచాం. ఆవిడ మొహంలో ఏదో మారింది, నాకు అర్థం కాలేదు, బాధ వల్ల అనుకున్నా.

పాపని వదిలి తిరిగొచ్చాం. ఆ మూడు నెలలు నేను డ్యూటీలో ఉన్నానే గానీ మనిషిని కాదు.

మే 1న మళ్ళీ దిగాం. ఆ ఏడు మాకు రెండు ఈస్టర్లు వచ్చాయి, అమెరికాలో మార్చి 31న, అక్కడ మే 5న. ఫాసికా అంటారు, అక్కడ లూథరన్లు కూడా ఆ రోజే చేస్తారు. దానికి ముందు ఆర్థడాక్స్ వాళ్ళు 55 రోజులు మాంసం, గుడ్డు, పాలు ఏవీ ముట్టరు. మంచి శుక్రవారం రోజు వ్యాన్‌లోంచి చూశాం, గుడి ఆవరణంతా జనం, నిలబడటం, మోకాళ్ళూని నుదురు నేలకి ఆనించటం, లేవటం, మళ్ళీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో. పాప ఒళ్ళో కూర్చుని కిటికీలోంచి చూస్తూ ఉంది. మూడు రోజులుగా మాతో ఒక్క మాట మాట్లాడలేదు, నవ్వలేదు, ఏడవనూ లేదు, అది ఇంకా భయంగా ఉండేది. ఆదివారం గుళ్ళో మొదటి పాటకి పెదాలు కదిపింది. రెండో పాటకి గొంతు బయటికొచ్చింది. అంతే, అన్ని రోజుల తర్వాత ఆ గొంతు వినటం.

ఆ మధ్యాహ్నం పెద్దాయన వాళ్ళింటికి భోజనానికి తీసుకెళ్ళాడు. దోరో వత్ అని కోడికూర, ఉల్లిపాయలు గంటలకొద్దీ వేయించి బెర్బెరె కారం వేసి, గుడ్లు వేసి చేస్తారు, కారం మన గుంటూరు వాళ్ళకి సరిపోయేంత. అందరూ ఒకే పళ్ళెంలో. వాళ్ళావిడ ఇంజెరాలో కూర చుట్టి తన చేత్తో నా నోట్లో పెట్టింది. గుర్షా అంటారు దాన్ని. మన గోరుముద్దే కదా! నేను పాప నోట్లో పెట్టా. తిన్నది. తర్వాత ఒక చిన్న ముక్క చుట్టి నా నోటికి అందించింది. ఇక్కడ కొంచెం ఆగుతానండి.

ఆ, సారీ. తర్వాత కాఫీ. ఒకటి, రెండు. మేం రెండు తాగి లేవబోతే వాళ్ళావిడ కూర్చోండి కూర్చోండి అంది. మొదటిది అబోల్, రెండోది తోనా, మూడోది బెరెకా. బెరెకా అంటే ఆశీర్వాదం. మూడోది తాగకుండా వెళ్ళకూడదు, ఆశీర్వాదం తీసుకోకుండా వెళ్ళినట్టు. అప్పుడు నాకు జనవరిలో అమ్మమ్మ చెయ్యెత్తింది గుర్తొచ్చింది. ఆవిడ పొయ్యిమీద ఉన్నది చూపించి ఆగమంటుంది, మేం వ్యాన్ ఎక్కాం.

వర్జీనియా వచ్చాక రోజులు కష్టంగా నడిచాయి, వివరాలొద్దు. రాత్రుళ్ళు పాప ఏడ్చేది, అమ్మమ్మ కావాలని. నా కొలీగ్ అక్క వచ్చి పక్కన పడుకుని వాళ్ళ పాటలు పాడేది. నెలలో రెండు ఆదివారాలు అంహారిక్ సంఘానికి, రెండు ఆదివారాలు మన తెలుగు ఫెలోషిప్‌కి వెళ్ళటం అప్పుడు మొదలుపెట్టాం, ఇప్పటికీ అంతే. అంహారిక్ సంఘంలో ఆంటీలే దాని జడలు అల్లటం నాకు నేర్పారు. మనవాళ్ళలో మాత్రం, ఇది చెప్పకుండా ఉండలేను, మా మొహం మీదే అన్నారు, ఇంత నల్లపిల్లని తెచ్చుకున్నారేంటి, రేపు పెళ్ళెవరు చేసుకుంటారు అని. ప్రభువు బల్ల దగ్గర పక్కపక్కన మోకాళ్ళూని లేచినవాళ్ళే బయటికొచ్చి అన్నారు. పాపకి తెలుగు తొందరగా వచ్చేసింది, కాబట్టి అర్థమైంది కూడా. దయచేసి అలా అనకండి, ఏ బిడ్డనీ.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. 2010లో ఒక్క ఏడాదే ఇథియోపియా నుంచి అమెరికాకి రెండున్నర వేల మంది పిల్లలు వెళ్ళారు. అంతమంది వెళ్తుంటే డబ్బులు తిరిగాయి, అబద్ధాలు జరిగాయి, కన్నవాళ్ళు బతికుండగానే అనాథలని రాసినవి, చదివించి పంపిస్తారులే అని నమ్మించి సంతకాలు పెట్టించినవి బయటపడ్డాయి. 2011లో అలా వెళ్ళిన ఒక అమ్మాయి పెంచినవాళ్ళ చేతుల్లోనే చనిపోయింది, వాళ్ళు కూడా బైబిల్ పట్టుకున్నవాళ్ళే, జైలుశిక్ష పడింది. 2018 జనవరిలో ఇథియోపియా పార్లమెంటు విదేశీ దత్తత ఆపేసింది. నాకు ఆ చట్టం మీద కోపం లేదు. మా కాగితాలు నేను మళ్ళీ మొదట్నుంచి తీసి చూసుకున్నా, అమ్మమ్మ చెప్పిన దానితో సరిపోయాయి, సరిపోకపోతే నేను ఏమయ్యేదాన్నో తెలియదు. ఇక్కడ ఎవరైనా దత్తత ఆలోచనలో ఉంటే ముందు ఆ బిడ్డవాళ్ళు ఎవరున్నారో గట్టిగా కనుక్కోండి. మన దేశంలో 1956 దత్తత చట్టం హిందువులకి, సిక్కులకి, జైనులకి, బౌద్ధులకి మాత్రమే, క్రైస్తవులకి చాలాకాలం గార్డియన్ అనే హోదా మాత్రమే, జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చాక మనం కూడా పూర్తి తల్లిదండ్రులుగా దత్తత తీసుకోవచ్చు, ఆ దారి తెలుసుకోండి.

2019 డిసెంబర్‌లో పాపని తీసుకుని సోడో వెళ్ళాం, జనవరి 7న వాళ్ళ క్రిస్మస్, గెన్నా, అక్కడే. అరిటిచెట్లలా ఉండే ఎన్‌సెత్ తోటల మధ్య ఇల్లు, గుండ్రంగా. అమ్మమ్మ బతికే ఉంది. పాపకి వోలాయిత పోయింది, అంహారిక్ కొంచెం వచ్చు, అమ్మమ్మకి అంహారిక్ కొంచెమే. మాటలు ఎక్కువ సాగలేదు. కానీ వాళ్ళ గుళ్ళో, మట్టిగోడల గుడి, బల్లలు లేవు, అమ్మమ్మ పక్కన నిలబడి పాడుతుంటే పాపకి పాట తెలుసు, ఆ పాట అది మర్చిపోలేదు. గుళ్ళో పెద్దలు మమ్మల్ని ముందుకి పిలిచి, ఇన్నేళ్ళు మేము ఈ బిడ్డ కోసం ప్రార్థన చేస్తున్నాం అన్నారు. మేం పాప కోసం ప్రార్థన చేస్తున్నది మా ఇంట్లోనే అనుకున్నా నేను.

అమ్మమ్మ తనే గింజలు వేయించింది. ఒకటి తాగాం, రెండు తాగాం. మూడోది పోసేముందు నా మొహంలోకి చూసింది. నేను లేవలేదు. పోసింది.

పాప తన పేరు మధ్యలో అమ్మమ్మ పేరు కలుపుకుంది, కాగితాల్లో కూడా మార్పించాం.

సోడో నుంచి తెచ్చిన జెబెనా కూజా ఈసారి ఇక్కడికి కూడా మోసుకొచ్చింది, ఇందాకట్నుంచి వెనక వంటగదిలో కాఫీ గింజలు వేయిస్తుంది, వాసన వస్తూనే ఉంది మీకు. కప్పులు చిన్నవి, అందరికీ సరిపడా లేవు, ఒకరి తర్వాత ఒకరు తాగాలి, మూడు దఫాలు కాబట్టి కొంచెం టైమ్ పడుతుంది, బస్సు ఉన్నవాళ్ళు ముందు కూర్చోండి.